పుల్లైసు రుచి ఎక్కడికి పోయింది?

మీ ప్రశ్న రెండుసార్లు చదువుకున్నాను. గుంటూరు కొత్తపేటలో పెరిగామని, ఎండాకాలం సెలవుల్లో సైకిలు మీద వచ్చే పుల్లైసు కోసం మధ్యాహ్నమంతా అరుగు మీద కాపు కాసేవాళ్లమని రాశారు. ఇప్పుడు పిల్లలకి ఎంత ఖరీదైన ఐస్ కొనిచ్చినా, మీరు ఒక ముక్క రుచి చూస్తే ఆ రుచి తగలడం లేదన్నారు. అప్పట్లో ఎన్ని రకాలుండేవి, ఆ రుచి ఎందుకు పోయింది, ఆ రంగులు తిన్నందుకు ఇప్పుడు భయపడాలా, ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగారు.

మా నాన్నకి విజయవాడ కృష్ణలంకలో చిన్న ఐస్ ఫ్యాక్టరీ ఉండేది. ఆయన తర్వాత నేను 22 ఏళ్లు నడిపాను. ఆ తొట్ల దగ్గరే పెరిగినదాన్ని కాబట్టి నాకు తెలిసినదంతా చెప్తాను. కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

చాలామంది "అప్పటి ఎసెన్సు వేరండీ" అంటారు. నేను ఒప్పుకోను. ఆరెంజ్ ఎసెన్సు అప్పుడూ అదే, ఇప్పుడూ దాదాపు అదే. మారింది ఎసెన్సు కాదు. ఐస్ మీ నోట్లోకి వచ్చే సమయానికి ఎంత చల్లగా ఉంటుందన్నది మారింది. మీరు వెతుకుతున్న రుచి అక్కడే ఉంది.

పుల్లైసు పాకంలో వందకి 15 పాళ్లు పంచదార ఉందనుకోండి. ఆ నీళ్లు మామూలు నీళ్లలాగా సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు. ఇంకో డిగ్రీ కిందికి దిగాక మొదలుపెడతాయి. అప్పుడు కూడా గడ్డకట్టేది నీరు మాత్రమే. పంచదార, రంగు, వాసన, పులుపు అన్నీ గడ్డకట్టని నీటిలోకి జరుగుతాయి. అలా జరిగి జరిగి, మంచు పలుకుల మధ్య సన్నటి సందుల్లో చిక్కటి పాకంలా మిగులుతాయి. చల్లదనం పెరిగేకొద్దీ ఆ పాకం ఇంకా చిక్కబడి కదలకుండా ఉండిపోతుంది. కాస్త వేడి తగిలితే మళ్లీ పలచబడి కదులుతుంది. మైనస్ 3 డిగ్రీల దగ్గర ఆ ఐస్‌లో ఇంచుమించు 40 శాతం పాకంగానే ఉంటుంది. అంటే మీ చేతిలో ఉన్నది సగానికి కొంచెం ఎక్కువ మంచు, మిగతాది పాకం. పెదాలు ఆనించి గట్టిగా పీలిస్తే ఆ పాకమంతా ఒక్కసారి నోట్లోకి వచ్చేసేది. రంగు దిగిపోయిన తెల్లటి గడ్డ పుల్లకి మిగిలేది. మీ అన్నదమ్ములు "నాది ముందు తెల్లగైంది" అని పోటీపడి ఉంటారు. మా వీధిలో అందరం పోటీపడేవాళ్లం.

ఇప్పుడు షాపులో ఐస్ మైనస్ 18 దగ్గర ఉండే ఫ్రీజర్‌లోంచి నేరుగా చేతికి వస్తోంది. ఆ చల్లదనంలో పాకం జిగురులా బిగుసుకుని ఉంటుంది, పీల్చినా రాదు. పైగా నాలుక ఎంత చల్లబడితే తీపి అంత తక్కువగా తెలుస్తుంది. పెద్ద కంపెనీల వాళ్లు గోరుచిక్కుడు గింజల గమ్ములాంటివి కూడా కలుపుతారు. దాంతో పలుకులు సన్నబడి, ఐస్ మెత్తగా, నున్నగా వస్తుంది, పాకం ఎక్కడిదక్కడ ఉండిపోతుంది. తయారీలో చూస్తే అది మా ఐస్ కంటే మంచి సరుకే. కాకపోతే అది కొరికి తినే ఐస్, మనది పీల్చి తినే ఐస్.

మరి ఆ మైనస్ 3 ఎలా వచ్చేదంటే, సైకిలు వల్ల. మా దగ్గర పొద్దున ఎనిమిదింటికి డబ్బాలో సర్దేటప్పుడు ఐస్ రాయిలా ఉండేది. చెక్క డబ్బా, లోపల థర్మాకోల్, పైన గోనెపట్టా. అంతకుముందు కాలంలో రెండు చెక్కల మధ్య రంపపు పొట్టు కూరేవారని నాన్న చెప్పేవారు. బండి కృష్ణలంక దాటి, ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం, ఉండవల్లి, తాడేపల్లి వీధులు తిరిగేది. ఒక్కొక్కరు మంగళగిరి దాకా వెళ్లేవారు. పిల్లలు మూత తీయించిన ప్రతిసారీ కాస్త వేడిగాలి లోపలికి వెళ్లేది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ. మధ్యాహ్నం రెండింటికి మీలాంటివాళ్ల అరుగు ముందు హారన్ "పాం పాం" అని మోగేసరికి ఐస్ కరగడానికి సిద్ధంగా, పాకం వదలడానికి సిద్ధంగా ఉండేది. అదే అదను. ఇంకో గంట దాటితే పుల్ల ఒకచోట, ఐస్ ఒకచోట.

ఫ్యాక్టరీ పని తెల్లవారుజామున మూడున్నరకి మొదలయ్యేది. గదిలో సగం ఆక్రమించుకుని ఉప్పునీళ్ల తొట్టి ఉంటుంది. నాలుగో వంతుకి కాస్త తక్కువగా ఉప్పు కలిపిన నీళ్లు మైనస్ 21 దాకా గడ్డకట్టవు. తొట్టిలోపల అమ్మోనియా గొట్టాలు తిరుగుతుంటాయి, అవి ఆ ఉప్పునీళ్లని మైనస్ 12, మైనస్ 15 దాకా చల్లబరుస్తాయి. వరసగా గూళ్లున్న రేకు అచ్చులో పాకం పోసి, పైన పుల్లలు గుచ్చిన పట్టీ బిగించి, ఆ తొట్టిలోకి దించుతారు. అరగంటలో గట్టిపడుతుంది. తీసి మామూలు నీళ్లలో ఒక్క మునక ముంచి పైకి లాగితే, పుల్లలకి వేలాడుతూ ఐస్‌లన్నీ ఒకేసారి టకటకమని బయటికి వస్తాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఎప్పుడైనా మీకొచ్చిన ఐస్ ఉప్పగా తగిలిందా? అచ్చుకి సూదిమొనంత చిల్లు పడితే ఉప్పునీళ్లు లోపలికి చేరతాయి. నాన్న వారానికోసారి అచ్చులన్నీ వెలుతురుకి ఎత్తి చూసి, చిల్లు కనబడితే తగరంతో మాట్లు వేయించేవారు. అయినా ఒకటీ అరా తప్పించుకునేది. ఒక ఎండాకాలం ఒక గూడు చిల్లు మాకు మూడు రోజులు దొరకలేదు. ఆ మూడు రోజులూ రోజుకి కొంతమంది పిల్లలు ఉప్పు ఐస్ తిని ఉంటారు. పావలా ఇచ్చి కొనుక్కున్న పిల్లాడి సంగతి తలుచుకుని నాన్న ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఇక రకాలు. అందరికీ ముందు గుర్తొచ్చేది ఆరెంజ్. దాని వాసన పండు రసంలోది కాదు, తొక్కలో ఉండే నూనెది. కమలాపండు ఒలిచేటప్పుడు వేళ్లకి అంటే వాసన ఉంటుంది చూశారా, అదే. అందుకే ఆరెంజ్ ఐస్ రుచి పండుకంటే నారింజ మిఠాయికి దగ్గరగా ఉండేది, రెండింటిలోనూ వేసేది ఆ నూనె ఎసెన్సే. పులుపుకి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. ఈ నిమ్మ ఉప్పు తగ్గితే ఆరెంజ్ పేరుకి మాత్రమే ఆరెంజ్, ఉత్త తీపి నీళ్లు. నాన్న పాకం చేసినప్పుడల్లా ఒక చుక్క చేతి వెనక వేసుకుని నాకి చూసేవారు. గోరువెచ్చగా ఉన్నప్పుడు "అబ్బా, తీపెక్కువ" అనిపిస్తే గడ్డకట్టాక సరిగ్గా ఉంటుందని ఆయన లెక్క.

ద్రాక్ష ఐస్ గురించి ఒక ప్రశ్న నాకు చిన్నప్పటినుంచీ ఉండేది. ఊదారంగులో, నాలుకకి రంగంటే ఆ ఐస్‌కి, మనం తినే పచ్చద్రాక్షకి రుచిలో పోలికే ఉండదు. ఎందుకో చాలా ఏళ్లకి తెలిసింది. ఆ ఎసెన్సులో ముఖ్యమైనది మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం. అది అమెరికాలో పండే కాంకర్డ్ అనే నల్లద్రాక్ష వాసన. మన హైదరాబాదు చుట్టుపక్కల పేరుపడ్డ అనాబ్-ఎ-షాహీలో ఆ వాసన ఉండదు. బెంగళూరు నల్లద్రాక్షలో మాత్రం కొంత ఉంటుంది. అంటే కొత్తపేట అరుగు మీద కూర్చున్న మీకు ఎప్పుడూ చూడని పండు వాసన తెలిసిపోయింది! పుల్ల పెట్టిన ఐస్ కూడా అక్కడిదే లెండి, ఫ్రాంక్ ఎప్పర్సన్ అనే ఆయన దానికి 1924లో అమెరికాలో పేటెంటు తీసుకున్నారు.

పైనాపిల్, గులాబీ, కోలా ఇవన్నీ ఉండేవి. అమ్మకంలో ఆరెంజ్‌ని ఏవీ దాటలేదు, వాటి గురించి పెద్దగా చెప్పేదీ లేదు. సుగంధి మాత్రం వేరే సంగతి. సుగంధిపాల వేరు షర్బత్‌తో చేసేవాళ్లం, గోధుమరంగులో ఉండేది. ఆ వేరులోని వాసన వెనిలా వాసనకి చుట్టం. పిల్లలు దాని జోలికి వెళ్లేవారు కాదు. పెద్దవాళ్లు, ముఖ్యంగా మిరప కళ్లాల దగ్గర పనిచేసే ఆడవాళ్లు, "వేడి చేయదు, అది ఇవ్వు" అని అడిగి తీసుకునేవారు. గుంటూరు వైపు వెళ్లే బండివాళ్లు సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు సంచిలో చిల్లరతో పాటు దోసెడు ఎండుమిరపకాయలు, కాసిని మినుములు, పాత ఇనుము తెచ్చేవారు. డబ్బుల్లేనివాళ్లు ఏదో ఒకటి ఇచ్చి ఐస్ తీసుకునేవాళ్లన్నమాట. మా ఇంట్లో ఏడాదికి సరిపడా పచ్చళ్ల కారంలో కొంత ఐస్ డబ్బులదే.

మే, జూన్ నెలల్లో మామిడి. దీనికి మాత్రం మేం ఎసెన్సు వాడలేదు. నూజివీడు రసాలు గంపలతో వచ్చేవి. మెత్తబడి, ఇక అమ్ముడుపోవనుకున్నవి చవగ్గా దొరికేవి. పిండి, పీచు వడగట్టి, పులుపుకి కాస్త కలెక్టరు కాయ గుజ్జు కలిపేవాళ్లం. ఒట్టి రసాలతో చేస్తే తీపి మొహం మొత్తుతుంది. గుజ్జు వల్ల పాకం కదలదు కాబట్టి మామిడి ఐస్ ఎంత పీల్చినా తెల్లబడదు.

ఇక నా ప్రాణం సేమ్యా ఐసు. ఇది మా అమ్మ చేతి పని, ఫ్యాక్టరీలో ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. పెద్ద గుండిగలో పాలు ముప్పావు వంతుకి మరిగేదాకా కాచి, పంచదార, కొద్దిగా కార్న్‌ఫ్లోర్, దంచిన ఏలకులు వేసేది. సేమ్యా విడిగా నీళ్లలో ఉడికించి, వార్చి, చల్లటి నీళ్లతో కడిగి, ఆఖర్న కలిపేది. నేతిలో వేయించనిచ్చేది కాదు. నెయ్యి చల్లబడితే నాలుకకి మైనంలా అతుక్కుంటుంది. సేమ్యా ఐసు కొన్న ప్రతివాళ్లకీ మొదటి కొరుకులోనే గుప్పెడు సేమ్యా తగిలేది, తర్వాత పుల్ల దాకా ఉత్త పాలైసే. కావాలని ముందు పెట్టేవారని మీరు అనుకుని ఉండొచ్చు. అసలు సంగతేమిటంటే, అచ్చులో ఐస్ తలకిందులుగా ఉంటుంది. మీరు ముందు కొరికే కొస అచ్చుకి అడుగు. బరువుకి సేమ్యా అక్కడికి దిగుతుంది. కొబ్బరి ఐస్‌లో ఇది పూర్తిగా తిరగబడుతుంది. కొబ్బరి కోరు పైకి తేలుతుంది కాబట్టి పుల్ల దగ్గర చేరుతుంది. అందుకే కొబ్బరి ఐస్ కొన్నవాళ్లు చివరిదాకా తినేవాళ్లు, సేమ్యా ఐస్ కొన్నవాళ్లు సగం తిన్నాక చెల్లెలికి ఇచ్చేసేవాళ్లు.

రంగుల సంగతి అడిగారు, దాచకుండా చెప్తాను. మన దేశంలో తినే పదార్థాల్లో వాడుకోవడానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిది. ఐస్‌లో అవీ కిలోకి 100 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆరెంజ్‌కి సన్‌సెట్ యెల్లో, ఎరుపుకి కార్మోయిసిన్, పసుపుకి టార్ట్రజిన్, ఇవన్నీ ఆ ఎనిమిదిలోవే. వాటిని కొలతగా వాడిన ఐస్ తిన్నందుకు ఇన్నేళ్ల తర్వాత మీరు టెన్షన్ పడనవసరం లేదు. అసలు భయం బట్టలకద్దే రంగులతో. గులాబీ రంగు పీచుమిఠాయిలో రోడమిన్-బి దొరికిందని 2024 ఫిబ్రవరిలో తమిళనాడులో దాన్ని నిషేధించారు, గుర్తుండే ఉంటుంది. కళ్లు చెదిరేంత మెరిసే రంగు కనబడితే పిల్లలకి కొనివ్వకండి.

నాకు రంగుకంటే పెద్ద భయం నీళ్లు. ఐస్ అయితే క్రిములు చచ్చిపోతాయని చాలామంది అనుకుంటారు. అన్నీ చావవు. బతికినవి నిద్రపోయినట్టు ఉండి, కడుపులో మళ్లీ లేస్తాయి. టైఫాయిడ్, కామెర్లు వచ్చిన ఇళ్లలో పుల్లైసుని తిట్టుకున్నారంటే ఊరికే కాదు. నేను ఫ్యాక్టరీ చేతికి తీసుకున్నాక చేసిన మొదటి పని నీళ్లు కాచి చల్లార్చి వాడడం. బొగ్గు ఖర్చుకి లాభం సగం పోయింది, అయినా మానలేదు.

తీపి విషయంలో ఇంకొకటి. పంచదార ధర పెరిగినప్పుడల్లా చాలాచోట్ల సాక్రిన్ కలిపేవారు. పంచదారకంటే 300 రెట్లకి పైగా తీపి కాబట్టి చిటికెడు చాలు. కానీ చిటికెడే వేయడం వల్ల నీళ్లు గడ్డకట్టే తీరు మారదు. మంచు పలుకుల మధ్య పాకమే ఉండదు. రంగు కూడా లోపలికి జరిగి పుల్ల చుట్టూ ముద్దగా ఉండిపోతుంది, చుట్టూ గాజులాంటి గడ్డ, నాలుక మీద ఆఖర్న చిరుచేదు. చిన్నప్పుడు ఒకరి బండి ఐస్ బాగుండి, ఇంకొకరిది బాగాలేదని అనిపించి ఉంటే కారణం ఇదే అయ్యుండొచ్చు.

ఇంట్లో చేసుకునే పద్ధతి చెప్తాను. ఆరెంజ్‌తో మొదలుపెట్టండి. రెండు కమలాపండ్లు బాగా కడిగి, తొక్క పైపొర మాత్రమే తురమండి, లోపలి తెల్లపొర వద్దు, చేదు. 180 గ్రాముల పంచదారలో ఆ తురుము వేసి, పంచదార తడిగా, ఘాటుగా వాసన వచ్చేదాకా వేళ్లతో నలపండి. అరగంట మూతపెట్టి ఉంచండి. ఆ పండ్ల రసం, కాచి చల్లార్చిన నీళ్లు కలిపి ఒక లీటరు చేసి అందులో పంచదార కరిగించండి. అర చెంచా నిమ్మ ఉప్పు, చిటికెడు మామూలు ఉప్పు వేసి పల్చటి బట్టలో వడగట్టండి. రుచి చూస్తే తీపి ఎక్కువగానే అనిపించాలి. ద్రాక్ష కావాలంటే బెంగళూరు నల్లద్రాక్ష అరకిలో కొద్ది నీళ్లలో ఉడికించి, చిదిమి, వడగట్టి, ఇదే కొలతకి కలుపుకోండి. నిమ్మ ఉప్పు పడగానే రంగు ఊదా నుంచి ఎరుపుకి తిరుగుతుంది, కంగారుపడకండి.

ఫ్రిజ్‌లో పెట్టినా అవుతుంది. కానీ పిల్లలున్న ఇల్లు కాబట్టి బకెట్ పద్ధతి చేయమంటాను, వాళ్లు జన్మలో మర్చిపోరు. మూడు కిలోల ఐస్ గడ్డ గోనెపట్టాలో పెట్టి కొట్టి, కిలో కళ్లుప్పుతో పొరలు పొరలుగా బకెట్‌లో వేయండి. మా తొట్టిలో ఉండే చల్లదనం ఆ బకెట్‌లోనే వస్తుంది. సన్నటి స్టీలు గ్లాసుల్లో ముప్పావు వంతు పాకం పోసి, అంచులు ఉప్పునీళ్లకి పైన ఉండేట్టు నిలబెట్టండి. పాకం జావగా అయ్యాక పుల్ల గుచ్చండి, ముందే గుచ్చితే పక్కకి ఒరుగుతుంది. గ్లాసు సైజుని బట్టి గంట, గంటన్నర. ఉప్పు కలిసిన ఐస్‌లో చేతులు పెట్టనివ్వకండి, చర్మం కాలినట్టవుతుంది. సేమ్యా ఐస్‌కి లీటరు పాలు, 120 గ్రాముల పంచదార, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, గుప్పెడు సేమ్యా, మిగతాదంతా అమ్మ పద్ధతే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. గ్లాసులోంచి తీసిన ఐస్‌ని వెంటనే పిల్లల చేతికి ఇవ్వకండి. ఒక స్టీలు డబ్బాలో పెట్టి, మూత వేసి, నీడలో పావుగంట ఉంచండి. ఫ్రిజ్‌లో చేసినదైతే ఇంకో అయిదు నిమిషాలు. మూత తీసినప్పుడు ఐస్ పైన తడి మెరుస్తుండాలి, పుల్ల మాత్రం కదలకూడదు. అప్పుడిచ్చి, కొరకొద్దు, పీల్చమని చెప్పండి. రంగు దిగి తెల్లగడ్డ మిగిలిందంటే మీరడిగిన రుచి వచ్చినట్టే.